పాత స్పోర్ట్స్ కారుకి మామూలు బ్రేక్ ప్యాడ్లే ఎందుకంటే

మొన్న గుంటూరులో ఒక పెళ్లికి వెళ్తే, పంక్తిలో నా పక్కన కూర్చున్న బావ వరసాయన మా పాత ఎంజీ కారు ఎలా ఉందని అడిగాడు. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు అయిపోవచ్చాయి, మార్చాలి అన్నాను. "మార్చేదేదో రేసింగ్ ప్యాడ్లే వేయించు బావా, స్పోర్ట్స్ కారు పెట్టుకుని మామూలు ప్యాడ్లేంటి, నామర్దా కాకపోతే" అన్నాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు కూడా అవునవును అన్నారు. గోంగూర వడ్డిస్తుండగా వాదన ఎందుకులే అని ఊరుకున్నాను. కానీ ఇదే మాట ఆటోనగర్‌లో విన్నాను, పాత బండ్లు నడిపే హైదరాబాద్ మిత్రుల దగ్గరా విన్నాను, ఆఖరికి కార్ల గురించి పెద్దగా తెలియని మా ఆఫీసు వాళ్లు కూడా అదే అంటున్నారు. ఇంతమంది ఒకే మాట మీద ఉంటే నిజం వాళ్ల వైపే ఉందేమోనని కాసేపు అనిపించింది కూడా. ఆలోచించిన కొద్దీ మాత్రం, ఆ సలహా మన రోడ్లకీ ఈ బండికీ నప్పదనే తేలుతోంది.

మా బండి ఎంజీబీ, ఎంజీ కంపెనీ చేసిన పాతకాలం స్పోర్ట్స్ కారు. పొగాకు వ్యాపారం బాగా నడిచిన రోజుల్లో మా మామయ్య మద్రాసులో ఎవరి దగ్గరో కొని గుంటూరు తెచ్చుకున్నాడు, ఇప్పుడు విజయవాడ పటమటలో నా దగ్గర ఉంటోంది. ముందు 10.75 అంగుళాల డిస్కులు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప బిళ్లలు, ప్యాడ్లు రెండు వైపులా నొక్కి ఆపేది వీటినే. వెనక డ్రమ్ములు. కాలి బలానికి తోడయ్యే సర్వో లేదు, కాలితో ఎంత తొక్కితే అంతే బ్రేకు. అన్ని చక్రాలకీ కలిపి బ్రేక్ ఆయిల్‌కి ఒకే సర్క్యూట్, ఎక్కడ పైపు పగిలినా నాలుగూ పోతాయి, ఇక హ్యాండ్ బ్రేకే దిక్కు. డిస్కులు కూడా ఇప్పటి కార్లలోలాగా మధ్యలో గాలి ఆడేవి కావు, ఒకే బిళ్ల.

ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా ఈ కార్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి, అందుకే సామాన్లకి ఇప్పటికీ కరువు లేదు. కరువుంటే గొడవే ఉండేది కాదు, దొరికింది వేసుకుని నోరు మూసుకునేవాళ్లం. మింటెక్స్ వాళ్లవి, ఫెరోడో వాళ్లవి, ఈబీసీ వాళ్ల ఆకుపచ్చ ప్యాడ్లు, సిరామిక్ అని రాసున్నవి, ఊరూ పేరూ లేని చవకరకాలు, ఇన్ని ఉండబట్టే ఈ తలనొప్పి.

ఆ వేడి మనకి ఎక్కడ పుడుతుంది

రేసింగ్ ప్యాడ్ గొప్పదనమంతా వేడిలో ఉంది. వందల డిగ్రీల వేడిలో మామూలు ప్యాడ్ పట్టు జారిపోతున్నప్పుడు అది గట్టిగా పట్టుకుంటుంది. అందులో అబద్ధం లేదు. అయితే అలాంటి ప్యాడ్లలో చాలావాటికి వంద, నూటయాభై డిగ్రీలు దాటితే గానీ అసలు పట్టు రాదు. రేసు ట్రాక్ మీద రెండు మలుపులు తిరిగేసరికి ఆ వేడి వచ్చేస్తుంది. పటమట నుంచి బయల్దేరి బెంజ్ సర్కిల్ దాటేసరికి వస్తుందా?

చిన్న లెక్క వేద్దాం. బండి, ఇద్దరు మనుషులు కలిపి 1,070 కిలోలు అనుకుందాం. గంటకి 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే 150 కిలోజూళ్ల వరకు శక్తి వేడిగా మారుతుంది. అందులో ఎక్కువ వాటా ముందు డిస్కులదే, అయినా ఒక్కసారి ఆపినందుకు వాటి వేడి పెరిగేది కొన్ని పదుల డిగ్రీలే. మళ్లీ బ్రేకు కొట్టేలోపు గాలికి అదీ చల్లారిపోతుంది. అదే 100లో వెళ్తూ ఆపితే 410 కిలోజూళ్ల పైమాటే. వేగం రెట్టింపు కాకుండానే వేడి దాదాపు మూడు రెట్లయింది. ట్రాక్ మీద బండి నడిపేవాళ్లకి ఆ ప్యాడ్లు ఎందుకు అవసరమో, నాకు ఎందుకు అనవసరమో ఇందులోనే ఉంది. ఆదివారం పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి, అక్కణ్నుంచి మంగళగిరి, మహా అయితే గుంటూరు దాకా వెళ్లి ఇడ్లీ తిని వచ్చే బండి ఇది.

ఒక మిత్రుడి పాత కారుకి ట్రాక్ ప్యాడ్లు ఉన్నాయి. ఒకసారి అతను విజయవాడ వచ్చినప్పుడు హైవే మీద కాస్త నడిపి చూడమని తాళం ఇచ్చాడు. కాజ టోల్ ప్లాజా దగ్గర లైనులో మెల్లగా కదులుతున్నాం. మొదటిసారి పెడల్ తొక్కితే చెక్కముక్క మీద కాలు పెట్టినట్టు గట్టిగా ఉంది, బండి మాత్రం తన దారిన తాను పోతోంది, ఇంకా బలంగా తొక్కితే కీచుమని అరుచుకుంటూ ఆగింది. పక్క లైనులో లారీ క్లీనర్ కిందకి వంగి మరీ చూశాడు. దిగాక డిస్కు అంచు మీద గోరు పెట్టి చూస్తే పెద్ద గట్టు తగిలింది, లోపలంతా రికార్డు ప్లేటులా గీతలు. ఆ ప్యాడ్లు మాత్రం ఇంకా కొత్తవాటిలా ఉన్నాయి. అతను దాన్నే గొప్పగా చెప్పాడు, "చూడు, ఇన్నేళ్లయినా అరగలేదు" అని. అరిగేది ఏదో ఒకటి అరిగింది కదా! చెప్పు అరగాలి గానీ కాలు అరిగితే ఎలా? ప్యాడ్లు డబ్బాలో పెట్టి పంపగలిగే వస్తువు, డిస్కులేమో బరువు, తెప్పిస్తే కస్టమ్స్ బాదుడు ఒకటి.

ఎక్కువైనా తప్పే

నాకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. రీప్లేస్‌మెంట్ ప్యాడ్ల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన ఆర్90 అనే ప్రమాణం. కంపెనీ వేసిన అసలు ప్యాడ్ పనితీరుకి మనం వేసే ప్యాడ్ పైకైనా కిందకైనా 15 శాతం లోపే తేడా ఉండాలంటుంది. కింద సరే, పైన కూడా గీత ఎందుకు గీశారు? బ్రేకు ఎంత గట్టిగా పడితే అంత మంచిదే కదా అనిపిస్తుంది.

ఎందుకంటే కారుకి ముందు చక్రాలే కాదు, వెనకవి కూడా ఉన్నాయి. ముందు డిస్కులూ వెనక డ్రమ్ములూ పని పంచుకునే లెక్క తయారుచేసినవాళ్లు ముందే వేసి పెట్టారు. మనం ముందు మాత్రమే పట్టు బాగా పెంచితే పని మరింతగా ముందుకే పోతుంది, వెనక డ్రమ్ముల వాటా తగ్గిపోతుంది, గట్టిగా తొక్కితే ముందు చక్రాలు త్వరగా లాక్ అవుతాయి, అంటే తిరగడం ఆగి జారతాయి. లాక్ అయిన ముందు చక్రాలతో స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ ఈ బండిలో లేదు మరి. వానాకాలం మొదటి జల్లుకి వారధి మీద రోడ్డు ఎలా ఉంటుందో మన ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇక్కడొక గట్టి ఎదురు వాదన ఉంది, దాన్ని తోసేయలేను. ముందు వెళ్లే కొత్త కారు ఏబీఎస్‌తో, వెడల్పాటి టైర్లతో టక్కున ఆగుతుంది, నా బండి అంత త్వరగా ఆగదు, అలాంటప్పుడు బలమైన ప్యాడ్ ఉండటం మంచిదే కదా అని. నిజమే. కానీ ఈ బండి ప్యాడ్లు మామూలువైనా, బలంగా తొక్కితే పొడి రోడ్డు మీద చక్రాల్ని లాక్ చేయగలవు. చక్రం లాక్ అయ్యే దాకా తీసుకెళ్లగలిగిన ప్యాడ్ తన పని తాను చేసేసినట్టే, ఆ తర్వాత బండి ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరు చేతిలో ఉంది. ఆ డబ్బు మంచి టైర్లకి పెడితే బండి ఇంకా దగ్గర్లో ఆగుతుంది. మనవాళ్లు ఏళ్లనాటి గట్టిపడిన టైర్లు అలాగే ఉంచి, పైన రంగు రంగుల ప్యాడ్లు వేస్తారు, అది నాకు ఎప్పటికీ అర్థం కాదు.

రెండో వాదన మా మామయ్యది. ఆయనకి డెబ్భై దాటాయి, మోకాళ్లు నొప్పి. సర్వో లేని పెడల్ తొక్కడం ఆయన వల్ల కావట్లేదు. "నీకేం రా, కుర్రాడివి, తొక్కుతావు. నాకు మెత్తగా తొక్కితే ఆగే ప్యాడు కావాలి" అంటాడు. ఇది పరువు కోసం వచ్చిన కోరిక కాదు, శరీరం అడుగుతున్నది. ఇలాంటివాళ్లకి కాస్త ఎక్కువ పట్టున్న రోడ్డు ప్యాడ్, అంటే చల్లగా ఉన్నప్పుడు కూడా బాగా పట్టేది వేయడం న్యాయమే. పాత బండ్లవాళ్లు మింటెక్స్ 1144 అనే రకాన్ని మెచ్చుకునేది కూడా ఈ చల్లటి పట్టు కోసమే. రేసింగ్ ప్యాడ్ మాత్రం మామయ్య మోకాలికి సరిగ్గా వ్యతిరేకం, చల్లగా ఉన్నప్పుడు మరింత బలంగా తొక్కమంటుంది. సిరామిక్ అన్నవాటి గురించి కూడా అడుగుతారు. దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ, సర్వో ఉన్న కారుకి హాయిగా ఉంటాయి, సర్వో లేని పెడల్ మీద మాత్రం నాకు జీవం లేనట్టు అనిపించాయి.

అంచు మీద అక్షరాలు

ప్యాడ్ అంచున గానీ వెనక రేకు మీద గానీ రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి, ఇఇ, ఎఫ్ఎఫ్, జీజీ ఇలా. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ఇ అంటే ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే అంకె, 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. షాపులో డబ్బా మీద బొమ్మ చూడటం కంటే ఇవి చూడటం నయం. అలాగని వీటినే వేదంగా పట్టుకోకూడదు. ఆ పరీక్షలో అంగుళం చదరం ముక్కని డ్రమ్ముకి రుద్ది కొలుస్తారు, బండికి బిగించి కాదు. పైగా ఎఫ్ అంటే 0.36 కావచ్చు, 0.44 కావచ్చు, రెంటికీ కాలి కింద చాలా తేడా. నేను ఎఫ్ఎఫ్ దగ్గర ఆగాను. మామూలు రోడ్డు ప్యాడ్లు, లోహం పాలు తక్కువ, మెత్తగా అరిగే రకం.

అక్షరాలే లేని ప్యాడ్లు కూడా బజారులో బోలెడు. డబ్బా చూస్తే పెద్ద కంపెనీదిలా ఉంటుంది, లోపల ప్యాడ్ మీద బ్యాచ్ నంబరు ఉండదు, రంగు పొడి చేతికి అంటుకుంటుంది. ధర చెప్పగానే తెలిసిపోతుంది.

ఆటోనగర్ మాట

ఇక అసలు గొడవ. మా మేస్త్రి గారు లారీల కాలం నుంచి ఉన్న మనిషి, చేతిలో విద్య ఉంది. పాత ప్యాడ్లు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికోసం ఇంగ్లండ్ దాకా ఎందుకండీ, ఇదే సైజుకి దగ్గర్లో వేరే బండిది తీసుకుని అంచులు గ్రైండ్ చేసి సెట్ చేసేద్దాం. లేదా ఈ రేకుల మీదే కొత్త లైనర్, అదే రుద్దుకుని అరిగే ముక్క, అంటిస్తారు, నాకు తెలిసినవాళ్లున్నారు" అన్నాడు.

ఆటోనగర్ మీద నాకు గౌరవం ఎక్కువ. పార్ట్ లేదంటే బండి పక్కన పడేయాలి అనే మాట అక్కడ ఎవరూ అనరు. లారీ బ్రేక్ లైనర్లు కొట్టే పని అక్కడ దశాబ్దాలుగా జరుగుతోంది, ఆ లారీలు దేశమంతా తిరుగుతున్నాయి. మరి నా బుల్లి కారు ప్యాడ్‌కి ఎందుకు వద్దనాలి?

తేడా ఇది. లారీ డ్రమ్ములో లైనర్‌ని షూ అనే వంపు రేకుకి రివిట్లతో బిగిస్తారు. సరిగ్గా కూర్చుందో లేదో కంటితో చూడొచ్చు, సుత్తితో తట్టి చూడొచ్చు, పైగా చుట్టూ డ్రమ్ము ఉంటుంది. డిస్క్ ప్యాడ్‌లో ఆ ముక్కని రేకుకి పట్టి ఉంచేది జిగురే, దాన్ని కొలిచిన వేడిలో, కొలిచిన ఒత్తిడిలో అంటించాలి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సరిగ్గా అతకనిది బాగా వేడెక్కినప్పుడో, గట్టిగా తొక్కినప్పుడో ఊడితే, డిస్కు మీద రేకు రుద్దుకుంటుంది, పెడల్ కిందకి జారిపోతుంది. ముందే చెప్పాను, మా బండికి ఒకటే సర్క్యూట్. మేస్త్రి గారితో ఇదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కొట్టిపారేయనూ లేదు. "మీ బండి, మీ ఇష్టం" అన్నాడు, అది మా ఇద్దరి మధ్య ఒప్పందం కిందే లెక్క.

వేరే బండి ప్యాడ్ గ్రైండ్ చేసే సంగతి ఇంకా సులువు. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్‌లో వాటిని పట్టి ఉంచేవి రెండు కాటర్ పిన్నులు, స్ప్రింగు పత్తీలు. అంచు అర మిల్లీమీటరు ఎక్కువైతే ప్యాడ్ ఇరుక్కుని బ్రేకు వదలదు, తక్కువైతే ప్రతిసారీ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది.

పాత డబ్బా

మామయ్య బీరువాలో, అప్పట్లో ఎవరో విదేశం నుంచి తెచ్చిన ప్యాడ్ల డబ్బా సీలు విప్పకుండా ఉంది. అసలైనవి కాబట్టి అవే వేయాలని పట్టుబట్టే స్వచ్ఛవాదులున్నారు. మిగతా విషయాల్లో నేనూ వాళ్ల జట్టే, స్క్రూ తల దగ్గర్నుంచి ఒరిజినల్ ఉండాలంటాను. ప్యాడ్ల దగ్గర మాత్రం వాళ్లతో లేను. ఆ కాలం ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది. బ్రిటన్ 1999లో, యూరోపియన్ యూనియన్ మొత్తం 2005 నాటికి దాన్ని నిషేధించాయి. మన దగ్గర తవ్వకాలు ఆగినా దిగుమతి చేసుకుని సిమెంటు రేకుల్లో వాడుతూనే ఉన్నాం. దాని సన్నటి పోగులు పీల్చినవాళ్లకి క్యాన్సర్ వచ్చేది దశాబ్దాల తర్వాత, అందుకే ఎవరికీ భయం లేదు.

చక్రం విప్పగానే షెడ్డులో కుర్రాడు అలవాటుగా గాలి పైపు అందుకున్నాడు, డ్రమ్ము లోపలి నల్లటి దుమ్ము ఊదేద్దామని. ఆపి, తడిబట్టతో తుడవమన్నాను. విచిత్రంగా చూశాడు. ఆ వెనక లైనర్లు ఎప్పటివో మామయ్యకే తెలియదు, ఆ దుమ్ము ఏమిటో ఎవరు చెప్పగలరు? వాడికి పద్దెనిమిది, పంతొమ్మిది ఉంటాయేమో, రోజూ ఎన్ని చక్రాలు ఊదుతాడో. మేస్త్రి గారు ఈసారి మాత్రం నా మాటే నెగ్గించి, బకెట్టు తెప్పించాడు.

ఎండలకి కరిగిపోతాయా

మెత్తటి ప్యాడ్లు మన బెజవాడ ఎండలకి ఆగవని ఒక నమ్మకం ఉంది. మేలో 45 డిగ్రీలు ఉంటుంది, ఒప్పుకుంటాను. ప్యాడ్ పనిచేసే వేడితో పోలిస్తే బయట 25 ఉన్నా 45 ఉన్నా పెద్ద తేడా ఏం కాదు. మన వాతావరణం దెబ్బతీసేది ప్యాడ్‌ని కాదు, బ్రేక్ ఆయిల్‌ని. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, మన దగ్గర తేమకేం తక్కువ. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, నీరు పట్టాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు, పెడల్ స్పాంజిలా దిగిపోతుంది. కొండవీడు ఘాట్ మీద నుంచి గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగేవాళ్లు ప్యాడ్లని తిడతారు, ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే గుర్తుండదు. నేను ప్యాడ్లతో పాటు ఆయిల్ మార్పించాను, రబ్బరు గొట్టాలు కూడా. పాత గొట్టం లోపల ఉబ్బితే బ్రేకు పట్టాక వదలదు, జనం దానికీ ప్యాడ్లనే అంటారు. కొత్త ప్యాడ్లకి చోటు కోసం, వాటిని నొక్కే పిస్టన్లు వెనక్కి నెట్టేటప్పుడు పైన ట్యాంకులో ఆయిల్ పొంగి బానెట్ కింద పెయింటు మీద పడుతుంది, పడితే పెయింటు లేచిపోతుంది, ముందే కొంచెం తోడేయాలి.

బెంజ్ సర్కిల్ ఉన్న ఊళ్లో ఉంటూ ఈ కథ చెప్పకపోతే బాగోదు. 1888లో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా కారేసుకుని పుట్టింటికి బయల్దేరినప్పుడు, దారిలో కొండ దిగుళ్లకి చెక్క బ్రేకు దిమ్మలు అరిగిపోయాయి. ఆమె ఒక చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించుకుంది. మొదటి బ్రేక్ లైనింగ్ అదేనంటారు. ఆవిడ కూడా అప్పుడు తన ముందున్న దారికి ఏది పనికొస్తుందో అదే చూసుకుంది.

కొత్త ప్యాడ్లు బిగించాక వాటిని డిస్కుకి అలవాటు చేయాలి. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద 50లో వెళ్తూ 15కి తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోవడం, ఇలా కొన్నిసార్లు చేసి, కాసేపు చల్లారనివ్వడం. ప్యాడ్ నుంచి సన్నటి పొర డిస్కు మీద సమానంగా పరుచుకుంటుంది. మధ్యలో వేడి మీద ఆగిపోయి బ్రేకు తొక్కి పెడితే ఆ చోట మందంగా అంటుకుని, తర్వాత బ్రేకు కొట్టినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది, డిస్కు వంకర పోయిందని దాన్ని తీసి పారేసేవాళ్లున్నారు. గ్యారేజీలో నిలబెట్టిన కారు డిస్కు మీద వానాకాలంలో సన్నగా తుప్పు పడుతుంది, మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమంటుంది, అదీ జబ్బు కాదు.

వెనక డ్రమ్ముల లైనర్లు మాత్రం ఆటోనగర్‌లోనే కొట్టించాను, రివిట్లతో, ఆస్బెస్టాస్ లేని రకం అడిగి మరీ. మేస్త్రి గారే దగ్గరుండి చేయించాడు. బిగించాక వెనక ప్లేటు మీదున్న నలుపలకల బోల్టుని చక్రం బిగుసుకునేదాకా తిప్పి, అక్కణ్నుంచి ఒక్కో గాటు వెనక్కి వదులుతూ, చేత్తో చక్రం తిప్పి చూసుకుంటూ అడ్జస్ట్ చేశాడు. "ముందువి మీ ఇంగ్లండ్, వెనకవి మా ఆటోనగర్, ఏవి ముందు అరుగుతాయో చూద్దాం" అన్నాడు. ముందువే అరుగుతాయి, ఎక్కువ పని వాటిదే కాబట్టి. ఆ సంగతి ఆయనకీ తెలుసు.